అక్షింతల పురుగుల్లో మిత్రుడెవరు, శత్రువెవరు: గుర్తుపట్టే పద్ధతి, వర్గీకరణ

తెలుగులో సాగు పాఠాలు చదివేవారికి ఒక చిక్కు తప్పకుండా ఎదురవుతుంది. పత్తి పాఠంలో ‘అక్షింతల పురుగులు మిత్ర పురుగులు, వాటిని కాపాడుకోవాలి’ అని ఉంటుంది. నాలుగు పేజీలు తిప్పి వంగ పాఠానికి వస్తే ‘అక్షింతల పురుగు ఆకులను గీకి తింటుంది, నివారించాలి’ అని ఉంటుంది. రెండూ నిజమే, అచ్చుతప్పు ఎక్కడా లేదు. ఒకే కుటుంబంలో పుట్టిన రెండు వేర్వేరు పురుగులకు మన భాషలో ఒకే పేరు పడింది, అంతే.

నేను ఈ చిక్కులో పడింది పుస్తకంలో కాదు, మా మిద్దె మీది బొబ్బర పాదు దగ్గర. లేత కొసల మీద నల్లగా, ముళ్ళముళ్ళగా, చిన్న మొసలి పిల్లల్లాంటి పురుగులు కనిపిస్తే ఒక్కొక్కటే ఏరి సబ్బు నీళ్ళలో వేశాను. పది పదిహేను ఉంటాయి. పని బాగా చేశాననుకున్నాను. వారం తిరిగేసరికి కొసలన్నీ పేనుబంకతో, అంటే మొక్కల రసం పీల్చే చిట్టి పురుగుల గుంపులతో, నల్లబడి, కింది ఆకులు తీపి జిగురుతో మెరుస్తూ, చీమలు బారులు తీరాయి. నేను చంపింది పేనుబంకను తినే పురుగు పిల్లలనని అప్పుడు తెలిసింది. ఆ తరువాతే భూతద్దం కొన్నాను.

ఈ మార్గదర్శిలో ప్రధానంగా ఒక జాతిని తీసుకుంటాను: కైలోమెనిస్ సెక్స్‌మాక్యులేటా. దక్షిణాసియా, ఆగ్నేయాసియా అంతటా ఉండే పురుగు ఇది. మన చేలల్లోనూ పెరళ్ళలోనూ చాలా తరచుగా కనిపించే మిత్ర అక్షింతల పురుగు కూడా ఇదే. దీన్ని బాగా గుర్తుపట్టడం వస్తే మిగతావాటిని దీనితో పోల్చి తెలుసుకోవచ్చు. దీనికి పోటీగా నిలబెట్టేది వంగ, కాకర ఆకులను తినే హెనోసెపిలాక్నా విగింటియోక్టోపంక్టేటా.

కావలసినవి, వెతకవలసిన చోటు

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, మూత ఉన్న చిన్న గాజు సీసా, మిల్లీమీటర్లు స్పష్టంగా కనిపించే స్కేలు, నోటుపుస్తకం ఉంటే చాలు. ఫోను కెమెరా ముందు భూతద్దం పెట్టి ఫొటో తీయడం రెండు రోజుల్లో అలవాటవుతుంది.

పురుగును వెతకకండి, దాని తిండిని వెతకండి. పేనుబంక ఉన్న బొబ్బర, మినుము, పత్తి, మొక్కజొన్న మొక్కలు మంచి చోట్లు. చేను లేనివారికి రోడ్డు పక్క జిల్లేడు చెట్టు చాలు. దాని లేత కొసల మీద పసుపుపచ్చని పేనుబంక గుంపులు తరచూ ఉంటాయి, వాటి మధ్య ఈ పురుగూ ఉంటుంది. ఉదయం ఎండ ముదరకముందే వెళ్ళండి. వేడెక్కితే ఇవి పట్టుకునేలోపే ఎగిరిపోతాయి.

పట్టుకునేటప్పుడు వేళ్ళతో నలపవద్దు. పురుగు కింద సీసా మూతి పెట్టి ఆకును చిన్నగా తడితే కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టు నటిస్తూ లోపల పడుతుంది. చేత్తో పట్టుకుంటే కాళ్ళ కీళ్ళ దగ్గర పసుపురంగు బొట్లు ఊరుతాయి. అది పురుగు రక్తమే. చేదుగా, ఘాటు వాసనతో ఉండి పక్షులనూ చీమలనూ దూరంగా ఉంచుతుంది. వేలికి పసుపు మరక అంటితే గాయపరిచామేమోనని కంగారు పడనక్కరలేదు. సీసాలో అటూ ఇటూ పరుగెత్తుతుంటే ఫ్రిజ్‌లో, గడ్డకట్టే అరలో కాకుండా మామూలు అరలో, అయిదు నిమిషాలు ఉంచండి. నెమ్మదించాక చూసి, పని కాగానే పట్టుకున్న మొక్క మీదే వదిలేయండి.

మొదటి మెట్టు: ఇది అక్షింతల పురుగు కుటుంబమేనా?

కందిపప్పు బద్దను బోర్లించినట్టు పైన ఉబ్బుగా, కింద చదునుగా ఉండాలి. వీపు మీది రెండు పెంకు రెక్కలు నట్టనడుమ ఒకే నిలువు గీతలో కలుసుకోవాలి. ఆ రెక్కలు ఎగరడానికి కావు, మూతలు మాత్రమే. ఎగిరే పలుచని రెక్కలు వాటికన్నా పొడవు, మడతపడి లోపల దాగి ఉంటాయి. ఇప్పుడే వాలిన పురుగును గమనించండి. పెంకులు మూసుకున్నాక కూడా వెనుక అంచున పలుచని రెక్క కొసలు కాసేపు బయటికి వేలాడుతుంటాయి, పొట్టను పైకీ కిందికీ కదిలిస్తూ వాటిని లోపలికి లాక్కుంటుంది.

తల చిన్నది, మెడ కవచం (తలకూ పెంకు రెక్కలకూ మధ్య ఉండే పెంకు) కిందికి సగం దూరి ఉంటుంది. మీసాలు పొట్టివి, కొసలో గదలా లావెక్కుతాయి. మీసాలు సగం ఒళ్ళంత పొడవుగా, దారంలా ఉంటే అది ఆకు తినే వేరే పెంకు పురుగు. గుమ్మడి, దోస పాదుల మీది నారింజరంగు గుమ్మడి పెంకు పురుగును ఇలాగే పక్కన పెట్టవచ్చు. దాని ఒళ్ళు కూడా గుండ్రంగా ఉండదు, కోలగా ఉంటుంది.

భూతద్దం కింద ఇంకో గుర్తు ఉంది, పుస్తకాలు దీన్నే ప్రధానంగా చెబుతాయి. పాదంలో మూడే ఖండాలు ఉన్నట్టు కనిపిస్తాయి. నిజానికి నాలుగు. మూడో ఖండం బాగా చిన్నదై, రెండోదాని తమ్మెల మధ్య దాక్కుంటుంది. గుమ్మడి పెంకు పురుగు కుటుంబంలో నాలుగు కనిపిస్తాయి, నిజానికి అయిదు. రెండు కుటుంబాలూ లెక్క దాచేవే అయినా దాచే తీరు వేరు.

ఎర్రగా ఉన్న ప్రతి చిన్న ప్రాణినీ ఆరుద్ర పురుగు అనే అలవాటు కొందరికి ఉంది. తొలకరిలో నేల మీద ముఖమల్ గుడ్డలా పాకే ఆరుద్రకు ఎనిమిది కాళ్ళు, రెక్కలు లేవు. అది కీటకమే కాదు, సాలీళ్ళ బంధువు.

రెండో మెట్టు: మెరుపా, నూగా?

నా మట్టుకు నాకు ఈ మొత్తం వ్యవహారంలో అసలైన మెట్టు ఇదే. మచ్చలు లెక్కపెట్టే ముందు పురుగును ఎండకు అడ్డంగా తిప్పండి. కైలోమెనిస్ పెంకులు నూనె రాసినట్టు మెరుస్తాయి, ఆకాశం వెలుగు వాటి మీద ఒక తెల్లని చుక్కగా కనిపిస్తుంది. హెనోసెపిలాక్నా మెరవదు. దాని ఒళ్ళంతా పొట్టి నూగు ఉంటుంది, అందుకే ఇటుక పొడి చల్లినట్టు మందకొడి రంగులో ఉంటుంది. భూతద్దంలో చూస్తే జామపండు రంగు మీద బూజు పట్టినట్టు ఆ నూగు స్పష్టంగా తెలుస్తుంది.

ఒక హెచ్చరిక. నూగు ఉన్న ప్రతిదీ శత్రువు కాదు. పిండినల్లిని తినే క్రిప్టోలీమస్ మాంట్రూజియరీకీ నూగు ఉంటుంది. కాని దానికి మచ్చలు ఉండవు. పెంకులు ముదురు గోధుమ నుంచి నలుపు, తల, మెడ కవచం, పెంకుల కొసలు నారింజరంగు. ఆస్ట్రేలియాకు చెందిన ఈ పురుగును 1898లో కాఫీ తోటల్లోని పొలుసు పురుగుల మీదికి మన దేశానికి తెచ్చారు. కాబట్టి నూగుతో పాటు నారింజ గోధుమ రంగు, చాలా నల్లమచ్చలు, వంగ లేదా కాకర ఆకు, ఈ మూడూ కలిస్తేనే హెనోసెపిలాక్నా అనుకోండి.

పరిమాణం కూడా సాయపడుతుంది. కైలోమెనిస్ సాధారణంగా 4 నుంచి 6 మిల్లీమీటర్లు. హెనోసెపిలాక్నా కాస్త పెద్దది, 6 నుంచి 8 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. మధ్యలో రెండూ కలిసిపోతాయి కనుక స్కేలు ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

మూడో మెట్టు: గీతలను చదవడం

సెక్స్‌మాక్యులేటా అంటే లాటిన్‌లో ఆరు మచ్చలది. ఆ పేరు విని చుక్కల కోసం వెతికితే నిరాశే. పసుపు, నారింజ లేదా ఎరుపు నేల మీద ప్రతి పెంకుకూ అడ్డంగా వంకరటింకర నల్లగీతలు రెండు, వెనుక కొస దగ్గర ఒక నల్లమచ్చ ఉంటాయి. ఒక్కో పెంకుకు మూడు, రెండింటికీ కలిపి ఆరు. పెంకులు కలిసే చోట వీపు పొడవునా ఒక నల్లని నిలువు గీత కూడా ఉంటుంది. ఆ నిలువు గీతకు ఇరువైపులా ముగ్గు మెలికల్లాంటి అడ్డగీతలు, ఇదే దీని ముఖచిత్రం.

తరువాత మెడ కవచం చూడండి. వెనుక అంచున నల్లని పట్టీ, దాని నడుమ నుంచి ముందుకు సాగి ‘టీ’ అక్షరంలా విచ్చుకున్న నల్లమచ్చ ఉంటాయి. చుట్టూ లేత పసుపు.

అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. ఈ జాతిలో అన్నీ ఒకేలా ఉండవు. కొన్నిటిలో గీతలు సన్నబడి తెగిపోతాయి. కొన్నిటిలో లావెక్కి ఒకదానితో ఒకటి కలిసిపోయి, పెంకు దాదాపు నల్లగా మారి పసుపు కిటికీలు మాత్రం మిగులుతాయి. ఇవన్నీ ఒకే జాతి, వాటిలో అవి జతకడతాయి కూడా. కాబట్టి ఒక్క పురుగును చూసి తేల్చకండి, ఆ మొక్క మీదే ఇంకో నాలుగింటిని చూడండి.

ఇంకో మోసం ఉంది. ఒకరోజు బొబ్బర ఆకు అడుగున అంటుకున్న ప్యూపాను (పిల్ల పురుగు పెద్దదిగా మారే ముందు ఒకచోట అంటుకుని ఉండే దశ) సీసాలో పెట్టాను. తెల్లవారి చూస్తే వీపు పగిలి, గుడ్డు సొనలా లేత పసుపు పురుగు బయటికొచ్చింది. పెంకుల మీద గీత లేదు, మచ్చ లేదు. పలుచని రెక్కలు తడి గుడ్డల్లా వెనుక వేలాడుతున్నాయి. ఇదేదో కొత్త జాతి అనుకుని మురిసిపోయాను. కాఫీ తాగి వచ్చేసరికి పెన్సిల్‌తో గీసినట్టు లీలగా గీతలు మొదలయ్యాయి, సాయంత్రానికి నల్లబడ్డాయి. అడుగు రంగు ముదరడానికి ఇంకా కొన్ని రోజులు పట్టింది. గీతలు లేని లేత పసుపు పురుగు దొరికితే ఒక రోజు ఆగి చూడటం మంచిది. మచ్చల సంఖ్య పురుగు వయసును చెబుతుందన్న మాట ఎక్కడైనా వింటే నమ్మకండి. వయసుతో రంగు ముదురుతుంది గాని మచ్చలు పెరగవు.

హెనోసెపిలాక్నా వైపు వస్తే, విగింటియోక్టోపంక్టేటా అంటే ఇరవై ఎనిమిది చుక్కలది. ఒక్కో పెంకు మీద ఆరు చుక్కలు ఎప్పుడూ ఉంటాయి, మిగతా ఎనిమిది కొన్నిటిలో ఉంటాయి, కొన్నిటిలో ఉండవు. అందుకే లెక్కపెడితే పన్నెండు నుంచి ఇరవై ఎనిమిది దాకా ఎంతైనా రావచ్చు. ఇవి విడివిడి గుండ్రని చుక్కలు, కైలోమెనిస్‌లోలా పారే గీతలు కావు.

పక్కన కనిపించే మరికొన్ని

కాక్సినెల్లా ట్రాన్స్‌వర్సాలిస్ ఎక్కువ తికమక పెడుతుంది. అదీ మెరుస్తుంది, అదీ పేనుబంకనే తింటుంది, దానికీ అడ్డగీతలు, నిలువు గీత ఉంటాయి. తేడా మెడ కవచంలో ఉంది. దీని కవచం నలుపు, ముందు మూలల్లో మాత్రమే లేత రంగు మచ్చలు. కవచంలో లేత పసుపు ఎక్కువగా ఉండి నల్లని ‘టీ’ ఉంటే కైలోమెనిస్. కవచం నల్లగా ఉండి మూలలే తెల్లబడితే కాక్సినెల్లా. ఏడు మచ్చల కాక్సినెల్లా సెప్టెంపంక్టేటాకూ ఇలాంటి నల్ల కవచమే. దాని ఏడో మచ్చ రెండు పెంకుల మీదా సగం సగం పంచుకుని మెడ దగ్గర ఉంటుంది.

వరిలో మచ్చలేమీ లేకుండా నున్నని నారింజరంగులో, నడుమ నల్లని నిలువు గీతతో కనిపించేది మైక్రాస్పిస్ డిస్కలర్. మీగడ రంగు మీద మూడు నిలువు నల్లగీతలు ఉన్న చిట్టి పురుగు బ్రూమాయిడిస్ సుచురాలిస్.

నాలుగో మెట్టు: పిల్ల పురుగులు

నేను తప్పు చేసింది ఇక్కడే కనుక దీనికి కాస్త చోటిస్తాను. పెద్ద పురుగు అందంగా ఉంటుంది, దాన్ని ఎవరూ చంపరు. పిల్లలు మాత్రం తల్లిని ఏమాత్రం పోలవు.

గుడ్లతో మొదలుపెడదాం. రెండింటివీ పసుపురంగు కోల గుడ్లే, నిటారుగా గుంపుగా పెడతాయి. గుడ్డును మాత్రమే చూసి తీర్పు చెప్పే సాహసం నేను చేయను, చుట్టూ ఏముందో చూస్తాను. పక్కన పేనుబంక ఉంటే మిత్రుడు కావచ్చు. వంగ ఆకు అడుగున, దరిదాపుల్లో పేనుబంక లేకుండా ఉంటే రెండో రకం కావచ్చు.

కైలోమెనిస్ పిల్ల పొడవుగా, వెనుకకు సన్నబడుతూ, ముదురు బూడిద నుంచి నలుపు రంగులో ఉంటుంది. వీపు మీద తెల్లని, లేత పసుపు మచ్చలు ఉంటాయి. కాళ్ళు పొడవు, చకచకా నడుస్తుంది. పేనుబంక గుంపులో ఒకదాన్ని దవడలతో ఎత్తి పట్టుకుని రసం పీల్చడం భూతద్దం లేకుండానే చూడవచ్చు. హెనోసెపిలాక్నా పిల్ల బొద్దుగా, పసుపుపచ్చగా, ఒళ్ళంతా కొమ్మలు వేసిన ముళ్ళతో ఉంటుంది. నడక మందం. ఆకు పచ్చదనాన్ని వరసలు వరసలుగా గీకి, పలుచని పొరను వదిలేస్తుంది. అందుకే వంగ ఆకు ఎండిన జల్లెడలా మారుతుంది. పెద్ద పురుగు కూడా ఇదే పని చేస్తుంది.

పిండినల్లి మధ్య తెల్లని మైనపు దారాలతో కప్పుకున్న పిల్ల పురుగు కనిపిస్తే అదీ పిండినల్లే అనుకోకండి. అది క్రిప్టోలీమస్ పిల్ల కావచ్చు. పుల్లతో మెల్లగా తాకండి, పిండినల్లి కన్నా పెద్దగా ఉండి చురుగ్గా నడిస్తే వదిలేయండి.

అనుమానం తీరకపోతే పిల్లను సీసాలో పెంచండి. మూతకు సన్నని గుడ్డ కట్టి, రోజూ పేనుబంక ఉన్న కొమ్మ ముక్క వేయండి. సీసాకు ఒక్కదాన్నే ఉంచండి, ఆకలైతే ఇవి ఒకదాన్నొకటి తినేస్తాయి. నాలుగు దశలు దాటి ఆకుకో గాజుకో తోక అంటించుకుని ప్యూపా అవుతుంది. వేడి కాలంలో గుడ్డు నుంచి పెద్ద పురుగు దాకా అటూ ఇటూగా రెండు వారాలు చాలు.

అయిదో మెట్టు: వర్గీకరణ నిచ్చెన

పేరు తెలిశాక దాన్ని ఎక్కడ ఉంచాలో చూద్దాం. జంతు రాజ్యం. కీళ్ళ కాళ్ళు ఉన్నాయి కనుక ఆర్థ్రోపొడా వర్గం. ఆరు కాళ్ళు, తల, వక్షం, ఉదరం అని మూడు భాగాలు కనుక ఇన్‌సెక్టా విభాగం. క్రమం కోలియోప్టెరా. ఈ మాట గ్రీకులో ‘ఒర’, ‘రెక్క’ అన్న పదాల కలయిక, అంటే ఒర రెక్కలవి. కుటుంబం కాక్సినెల్లిడే, ఎర్రని అన్న అర్థం ఉన్న లాటిన్ మాట నుంచి వచ్చింది. ప్రపంచంలో ఈ కుటుంబంలో సుమారు 6,000 జాతులు ఉన్నాయి, వాటిలో ఎక్కువ ఇతర పురుగులను తినేవే.

ఇక్కడిదాకా రెండు పురుగులూ ఒకే మెట్టు మీద ఉంటాయి. పాత పుస్తకాలు దీని తరువాత వాటిని విడదీసి, ఆకులు తినేవాటిని ఎపిలాక్నినే అనే వేరే ఉపకుటుంబంగా చూపుతాయి. ఈ శతాబ్దపు అధ్యయనాలు ఆ గోడను కూల్చాయి. ఇప్పుడు రెండూ కాక్సినెల్లినే ఉపకుటుంబంలోనే ఉన్నాయి, విడిపోయేది తెగ దగ్గర. మన మిత్రుడు కాక్సినెల్లిని తెగ, వంగ పురుగు ఎపిలాక్నిని తెగ. తిండి మారడంతో దవడ మారింది. సూక్ష్మదర్శిని కింద కైలోమెనిస్ దవడ కొస రెండుగా చీలి, మొదట్లో ఒక పన్నుతో ఉంటుంది. ఎపిలాక్నిని దవడలో ఆ మొదటి పన్ను లేదు, కొసలో ఆకు గీకడానికి చాలా పళ్ళు ఉంటాయి.

ప్రజాతి కైలోమెనిస్, జాతి సెక్స్‌మాక్యులేటా. పేరు పక్కన కుండలీకరణాల్లో ఫాబ్రీసియస్, 1781 అని రాస్తారు. లినేయస్ శిష్యుడైన ఈ డెన్మార్క్ శాస్త్రవేత్త దీన్ని మొదట కాక్సినెల్లా ప్రజాతిలో వర్ణించాడు, తరువాత ప్రజాతి మారింది. ఆ కుండలీకరణాలు చెప్పేది ఆ సంగతే. పాత కరపత్రాల్లో మెనోకైలస్ సెక్స్‌మాక్యులేటస్ అని ఉంటే అదీ ఈ పురుగే. మెనోకైలస్ పుంలింగం కనుక జాతి పేరు చివర ‘టస్’, కైలోమెనిస్ స్త్రీలింగం కనుక ‘టా’. వంగ పురుగును కూడా ఫాబ్రీసియస్సే 1775లో వర్ణించాడు.

చివరి మెట్టు: రాసుకోవడం

మూడు ఫొటోలు తీయండి: నేరుగా పైనుంచి, ముందు నుంచి మెడ కవచం కనిపించేలా, పక్క నుంచి. స్కేలు ఒక ఫొటోలోనైనా ఉండాలి. మొక్క పేరు, దాని మీద ఉన్న తిండి తప్పక రాయండి, ఫొటో కన్నా ఎక్కువగా అవే తేలుస్తాయి. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ భారత ఉపఖండపు అక్షింతల పురుగుల బొమ్మలను ఇంటర్నెట్‌లో ఉంచింది, పోల్చుకోవచ్చు. రెండు మూడు మిల్లీమీటర్ల చిట్టి జాతులను, దగ్గరి పోలికల ఎపిలాక్నిని జాతులను మాత్రం మగ పురుగు జననాంగాలను కోసి చూసిగాని నిపుణులు కూడా చెప్పరు. అక్కడ ప్రజాతి పేరుతో ఆగిపోవడమే మర్యాద.

నా నోటుపుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది: “ఉదయం ఏడున్నర. జిల్లేడు, పసుపు పేనుబంక. 5 మిల్లీమీటర్లు, మెరుపు ఉంది, నూగు లేదు. కవచం మీద ‘టీ’. కుడి పెంకు మీది ముందు గీత తెగి ఉంది, ఎడమది తెగలేదు. కైలోమెనిస్. పక్క ఆకు మీద లేత పసుపుది ఇంకొకటి, గీతల్లేవు. సీసాలో పెట్టాను. సాయంత్రం చూడాలి.”